తోక కోసం రెండు స్తంభాలు

మా మిత్రుడి గుండెకు స్టెంట్ వేసిన డాక్టరు అతనికి ఇచ్చిన అనుమతి ఒకే ఒక్క వాక్యం: "బండి నడుపుకోండి, కిక్ మాత్రం కొట్టకండి." ఆ మహానుభావుడి మనసులో ఉన్నది ఇంటి నుంచి ఆఫీసుకూ, ఆఫీసు నుంచి ఇంటికీ తిరిగే బండి. మావాడు ఆ వాక్యాన్ని ఆస్తి పత్రంలా భద్రంగా ఇంటికి తెచ్చుకుని, మొయినాబాద్ అవతలి తుప్పలకూ, బండరాళ్ళకూ, ఎండిన వాగులకూ కూడా అది చెల్లుతుందని తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు.

ఆ తీర్పు మీద వాళ్ళావిడకు నమ్మకం లేదు. ఆ ఆదివారం తెల్లవారుజామున నేను వాళ్ళ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర హారన్ కొట్టగానే ఆవిడ కూడా కిందికి దిగి వచ్చింది.

"అన్నయ్యగారూ, ఈయన మాట నేను నమ్మను. మీ మాట నమ్ముతాను. ఈయన్ని మీ కళ్ళముందు నుంచి కదలనివ్వకండి."

"నా కళ్ళకి అంతకన్నా పనేముందమ్మా!" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆ మాట గేటు దగ్గరే ఉండిపోయేది. నవ్వలేదు కాబట్టి అది నా వెనకాల సీటు మీద ఎక్కి కూర్చుంది. సాయంత్రం దాకా దిగలేదు.

అవి మాదాపూర్‌లో రోజుకో అద్దాల మేడ మొలుస్తున్న రోజులు. మేమిద్దరం గోదావరి జిల్లాల నుంచి వచ్చి, ఒకే కంపెనీలో పక్కపక్క కుర్చీల్లో కూర్చుని, పక్కపక్కనే పొట్టలు పెంచుకున్నవాళ్ళం. వారమంతా నడుము వంచకుండా కూర్చోవడం, ఆదివారం అదే నడుమును రాళ్ళకేసి బాదడం అప్పట్లో మా ఆఫీసును పట్టుకున్న జబ్బు. దానికి ఆఫ్-రోడ్ రైడ్ అని పేరు. మోకాళ్ళకు చిప్పలు, మోచేతులకు చిప్పలు, ఛాతీకి ఒక పెద్ద చిప్ప. ఇవన్నీ కట్టుకుని నడిస్తే తాబేళ్ళ పెళ్ళి ఊరేగింపులా ఉండేవాళ్ళం.

మొయినాబాద్‌లో మిగతా ఆఫీసువాళ్ళను కలుసుకుని, టీ తాగి, అక్కడి పల్లె హిమాయత్‌నగర్ వైపు తిరిగి, చక్కటి తారురోడ్డు వదిలేసి మట్టిదారిలోకి దిగుతుంటే, కూలికి పోతున్న ఆడవాళ్ళతో నిండిన షేర్ ఆటో ఒకటి మమ్మల్ని చూసి ఆగింది. ఆగింది అంటే పూర్తిగా ఆగింది. డ్రైవరు ఇంజన్ కూడా ఆపేశాడు.

"ఏమైందే వీళ్ళకు? రోడ్డు మంచిగనే ఉన్నది గదా?" అంది ఒకామె.

"పైసలెక్కువైనయ్ లే అక్కా. ఒంటి నిండ ఆ చిప్పలు చూసినవా? పడతమని ముందే ఎర్క ఉన్నది వాళ్ళకు" అంది ఇంకొకామె.

ఆటో అంతా నవ్వింది. ఆ రోజు మా గురించి ఎవరైనా పలికిన నిజాల్లో అదే మొదటిది.

మా దళానికి ఒక నాయకుడు. మా ఇద్దరికన్నా పదేళ్ళు చిన్న, చేవెళ్ళలోనే పుట్టి పెరిగినవాడు. ఆఫీసులో ప్రాజెక్టు మేనేజరు. అతనికి మెడలో ఈల, ఒంటి మీద చీకట్లో కూడా కళ్ళు జిగేల్మనిపించే ఆకుపచ్చ జాకెట్. ప్రతి రైడ్‌కూ ముందు నిబంధనలు చెబుతాడు. ఆఫీసులో గోడ మీద బొమ్మలు వేసి చెప్పేవాడు, ఇక్కడ గోడ లేదు కాబట్టి గాలిలో వేసి చెప్పాడు.

"అన్నా, మళ్ళ ఒక్కసారి జెప్తున్న. ముంగట నేను. నేను తల. అందరికన్న ఎనక తోక. దారి చీలిన కాడ నా ఎన్కనే ఉన్నోడు ఆగాలె. స్తంభం లెక్క నిలవడి, చెయ్యి సాపి ఎటు పోవాల్నో సూపియ్యాలె. తోక వచ్చేదాక స్తంభం కదలొద్దు. భూకంపం వచ్చినా కదలొద్దు. దారిల ఎన్కకు తిరిగి అస్సలు రావొద్దు, మలుపుల ఎదురెదురు గుద్దుకుంటరు."

"తోక రాకపోతే?" అని నేను అడిగాను.

"తోక రాకుండ ఎట్ల ఉంటదన్నా? తోక అంటేనే ఆఖరికి వచ్చేటోడు."

ఈ తర్కానికి మేమంతా తలలూపాం. ఇంజనీర్లం కదా, ఒక వాక్యం గుండ్రంగా తిరిగి తన తోకను తానే పట్టుకుంటే మాకు చాలా నచ్చుతుంది. మా తోక ఒక మౌనస్వామి. బండి వెనక పెద్ద పనిముట్ల పెట్టె, పంక్చర్ సామాను. సిగరెట్టుకు తప్ప నోరు తెరవడు. కనకమామిడిలో నాయకుడి బంధువుల ఫార్మ్‌హౌస్‌లో మధ్యాహ్నానికి బిర్యానీ దించుతారని చెప్పాక, నిబంధనల మీద ఇంకెవరికీ సందేహాలు రాలేదు.

ఇక ఆ దారి. దారి అనడం దానికి మర్యాద ఇవ్వడమే. ఎర్రమట్టి, మధ్యలో ఏనుగు తలకాయంత బండలు, రెండు వైపులా సర్కారు తుమ్మ. ఆ తుమ్మముల్లు నా షూ అడుగులోంచి దూరి, నా పాదంలోంచి పైకి వచ్చి, నా వైపు తిరిగి చూసిందంటే మీరు నమ్మాలి. అక్కడక్కడా సీతాఫలం తుప్పలు, వాటి మధ్య తెల్లరంగు కొట్టిన హద్దురాళ్ళు. మనిషి నిలబడలేని చోట కూడా ఎవరో ప్లాట్లు చేసి అమ్మేశారు. ఓ రాళ్ళగుట్ట చుట్టూ తిరిగేసరికి నా నడుము పైదేశం, కిందిదేశం అని విడిపోయి, మధ్యలో సరిహద్దు వివాదం మొదలైంది. మణికట్లు నావి కావు. పళ్ళు ఒకదానితో ఒకటి పరిచయాలు పెంచుకుంటున్నాయి. అయినా నా ముందు మావాడి వీపు ఊగుతూ కనిపిస్తోంది. కనిపిస్తున్నంతసేపూ నాకు ఫికర్ లేదు.

గుట్ట దాటగానే దారి చీలింది. తల వెనకాలే ఉన్నది మావాడు. నిబంధన ప్రకారం మావాడు ఆగాడు. స్తంభమయ్యాడు. నేను దాటిపోతుంటే గొప్పగా చెయ్యి చాచి చూపించాడు, పెళ్ళిపందిరి దగ్గర వియ్యాలవారికి దారి చూపించినట్టు.

నేను ఆగుదామనుకున్నాను. నా వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. సన్నదారి. 'తోక వస్తాడు, వాణ్ణి వెంటబెట్టుకుని వస్తాడు, ఎంతసేపు?' అనుకుని ముందుకు పోయాను. ఇప్పుడు తల వెనకాలే ఉన్నది నేను. కాస్త దూరంలో మళ్ళీ దారి చీలింది. ఈసారి స్తంభం నేను.

చెయ్యి చాచాను. నా వెనకవాళ్ళంతా ఒక్కొక్కళ్ళే దుమ్ము లేపుతూ, నా నోట్లో మొయినాబాద్ మండలంలోని సారవంతమైన నేలనంతా నింపుతూ వెళ్ళిపోయారు. ఆ తర్వాత నిశ్శబ్దం. తోక రాలేదు. మావాడు రాలేదు.

మొదట హాయిగానే ఉంది, అబద్ధమెందుకు. బండి దిగి, తుమ్మచెట్టు చిల్లుల నీడలో నిలబడితే ఒళ్ళంతా 'అమ్మయ్య' అంది. తర్వాత ఎండ నా నీడను కూడా మింగేసింది. దాహం. సీసాలో నీళ్ళు టీలా కాగాయి. ఫోను చూస్తే సిగ్నల్ గీతల్లో ఒక్కటీ లేదు. మా కంపెనీ ఆ కొసన అమెరికాతో మాట్లాడుతుంది, ఈ కొసన నేను గుట్ట దగ్గరున్నవాడితో మాట్లాడలేను.

వెనక్కి వెళ్ళి చూద్దామనిపించింది. కానీ నిబంధన. అంతకుముందు ఒక రైడ్‌లో ఒక స్తంభం టీ తాగడానికి కదిలితే, సగం దళం తప్పుదారి పట్టి, ఎవరి పెళ్ళిలోనో తేలి, భోజనాలు చేసి వచ్చింది. నేను కదిలాక తోక, మావాడు ఇటు వచ్చి, తప్పు చీలికలోకి పోతే? ఆవిడ మాట సీటు మీద కూర్చుని నన్నే చూస్తోంది. గుండె పట్టుకుని మావాడు ఏ బండ పక్కనో ఒరిగిపోయినట్టు, పక్కన బండి చక్రం గాల్లో తిరుగుతున్నట్టు బొమ్మ కట్టింది. ఎంత వద్దనుకున్నా ఆ చక్రం ఆగడం లేదు.

ఇంతలో సైకిల్ మీద ఒకాయన వచ్చాడు. చెయ్యి చాచి నిలబడ్డ నన్నూ, నా వెనకున్న హద్దురాళ్ళనూ మార్చిమార్చి చూశాడు.

"గజం ఎంత వడ్తది సారూ?"

"నేను అమ్మడంలేదండీ."

"అమ్మక చెయ్యెందుకు సాపినవ్?" అని, నేను రేటు దాస్తున్నానన్న కోపంతో తొక్కుకుంటూ పోయాడు.

ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల దారి చీలిన ప్రతిచోటా ఒక మనిషి నిలబడి, కార్లలో వచ్చేవాళ్ళకు వెంచర్ ఎటో చూపించేవాడు. ఖరీదైన బూట్లేసుకుని చెయ్యి చాచినవాడు ఇంకేం చేస్తాడు? ట్రాక్టరు మీద వచ్చినాయన బోరు పడుతుందా అని అడిగాడు. బంతిపూల మూటతో వెళ్తున్న మొగుడూ పెళ్ళాలు ఈశాన్యం ప్లాటు ఉందా అని అడిగారు. లేదంటే నొచ్చుకున్నారు. ఓపిక అయిపోయి నాలుగోవాళ్ళకు "అన్నీ అయిపోయాయండీ" అన్నాను. దానికి మాత్రం "గట్ల జెప్పు" అని తృప్తిగా వెళ్ళిపోయారు.

ఆ తర్వాత మేకలు వచ్చాయి. మేకల వెనక ఒక అవ్వ. మేకలు నా గ్లోవ్స్ వాసన చూసి, ఒకదాన్ని రుచి కూడా చూశాయి. అవ్వ కర్ర మీద గడ్డం ఆనించి నన్ను తీరిగ్గా పరిశీలించింది.

"బిడ్డా, గీ కోటు ఉక్కపొయ్యదా?"

"పోస్తుంది అవ్వా."

"మరెందుకు తొడిగినవ్?"

"పడితే దెబ్బ తగలకుండా."

"నిలవడ్డోనివి నిలవడ్డట్టె ఉంటివి. ఎట్ల పడ్తవ్?"

అవ్వ నా జవాబు కోసం ఆగకుండా కర్రతో వెనక్కి చూపించింది. 

"గుట్ట కాడ ఇంకొకాయన గిట్లనే చెయ్యి సాపిండు. గీ కోటే. గిన్నే చిప్పలు. ఎండల మాడుతుండు పాపం. మీరిద్దరు ఒక్క వెంచరోళ్ళేనా?"

నా చెయ్యి దానంతటదే కిందికి దిగింది. "ఆయన నిలబడే ఉన్నాడా అవ్వా? పడిపోలేదు కదా?"

"పడుడేంది? నిమ్మలంగ కూసున్నడు. చెయ్యి మాత్రం దించుతలేడు. నీళ్ళు తాగుతవా అంటే, తోక వచ్చేదాక కదలొద్దన్నడు. ఏ తోక అయ్యా, మేకలన్నీ తోకలతోనే ఉన్నయ్ గదా అన్న. నవ్విండు."

నవ్వాడట. ఆ ఒక్క మాటకు తుమ్మముళ్ళ మీదే చతికిలపడ్డాను. సమస్త ముళ్ళూ నన్ను ఆదరించాయి. అవ్వ "పడ్తననే తొడిగినవ్, పడ్డవ్" అంటూ మేకల్ని తోలుకుపోయింది.

మరి తోక ఏడి? పక్కనున్న బండ మీదికి నా చిప్పలన్నిటితో పాకాను. ఎక్కుతుంటే ఎవరెస్టు ఇంతకన్నా మర్యాదగా ఉంటుందనిపించింది. పైన ఫోనులో ఒక గీత మొలిచింది. నాయకుడికి చేశాను. వెనక ప్లేట్ల చప్పుడు, నవ్వులు.

"అన్నా! యాడున్నవ్? బిర్యానీ సల్లారుతున్నది."

"తోక ఎక్కడ?"

"తోకనా? నా పక్కనే ఉన్నడు, బొక్క నాకుతున్నడు. ముంగట నా టైరుకు ముల్లు దిగింది. పంక్చర్ సామాన్ల కోసమని ఫోన్ జేసి రమ్మన్న. ఆయన ఇంక గుట్ట దాక రానే లేదు, తారురోడ్డు వట్టి సీదా వచ్చిండు."

"మరి మా ఇద్దరి సంగతి?"

 నాయకుడు అమాయకంగా అన్నాడు. "తోక వచ్చిండంటే ఇగ ఎనక ఎవ్వలు లేరన్నట్టే గదన్నా."

అంతే. ఇంతమంది ఇంజనీర్లు, ఒక్కడు కూడా తలలు లెక్కపెట్టలేదు. లెక్కపెట్టే అవసరం రాకూడదనే కదా నిబంధన పెట్టుకున్నది! తోక కళ్ళెదుట కూర్చుని బిర్యానీ తింటుంటే, తోక వెనక మనుషులుంటారని ఏ బుద్ధిమంతుడు అనుకుంటాడు? గుట్ట దగ్గర ఒక స్తంభం, ఇక్కడ ఒక స్తంభం, రాని తోక కోసం చేతులు చాచి, దారినపోయేవాళ్ళకు భూమి అమ్మనని చెబుతూ నిలబడి ఉన్నాం.

"మనిషిని పంపిస్తనన్నా, ఆగు. అక్కడ్నే ఉండు, కదలకు" అన్నాడు నాయకుడు.

ఆ 'కదలకు' వినగానే నాకు ఒళ్ళు మండింది. ఫోను పెట్టేసి, బండి తిప్పి, ఆ రోజు వద్దన్నదల్లా చేశాను. చూపించాల్సిన దారి వదిలేశాను. వచ్చిన దారినే వెనక్కి పోయాను. మలుపు మలుపుకూ హారన్ కొట్టాను. ఎదురు వచ్చేవాళ్ళు ఎలాగూ లేరు, అందరూ భోజనాలు చేస్తున్నారు.

మావాడు ఒక హద్దురాయి మీద కూర్చుని ఉన్నాడు. హెల్మెట్ ఒళ్ళో ఉంది. చాచిన చేతికి నొప్పి పుట్టి, మోచెయ్యిని బండి హ్యాండిల్ మీద ఆనించి, వేలు మాత్రం అటు చూపిస్తున్నాడు. మొహం కందగడ్డలా ఉంది. నన్ను చూడగానే కళ్ళెర్ర చేశాడు.

"ఏరా, ఎదురు వస్తావేంటి? రూల్ తెలీదా?"

"తోక బిర్యానీ తింటున్నాడు."

జరిగింది చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వకుండా వేలు దించి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"నొప్పేమైనా వచ్చిందా?" అని అడిగాను. 

"నొప్పి లేదు. నిజంగా లేదు." గడ్డంతో బండిని చూపించాడు. "పెట్రోలు దండగని బండి ఆపానురా. మళ్ళీ సెల్ఫ్ నొక్కితే అందుకోలేదు. కిక్ కొట్టాలి. కాలు పైన పెట్టాను కూడా. కొట్టలేకపోయాను. డాక్టర్ చెప్పాడని కాదు. ఇక్కడెవరూ లేరు కదా, కొడితే ఏమవుతుందోనని. దీని ముందు ఇంతసేపు కూర్చున్నాను. తోక వచ్చి కొడతాడులే అనుకున్నాను. తోక రాకపోతేనే బాగుణ్ణని కూడా అనుకున్నాను, నన్ను ఇలా చూడకుండా."

ఆఫీసులో నలభైమంది ముందు ఏ తెల్లదొరతోనైనా వాదించే మనిషి. ఒక కిక్ కడ్డీ వైపు చూస్తూ అంత నెమ్మదిగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. నాకు చమత్కారం ఏదీ తోచలేదు. ఒక్కోసారి తోచదు.

"లే" అన్నాను. "జరుగు."

ఆ బండి కిక్ నేను ఎన్నిసార్లు కొట్టానో చెప్పను. చెబితే మీరు తగ్గించుకుని నమ్ముతారు. మొదటి దెబ్బకు తొడ పట్టేసింది. తర్వాత తుంటి నుంచి ఒక శబ్దం వచ్చింది, కొబ్బరికాయ కొట్టినట్టు. కిక్ తిరిగి కొట్టి నా పిక్కను తన్నింది. ఊపిరి ఆడక బండి మీద వాలిపోయాను.

"ఒరే, ఆగు. నీక్కూడా స్టెంట్ వేయించాల్సి వచ్చేట్టుంది" అన్నాడు మావాడు. అప్పుడు నవ్వాడు. నవ్వుతూనే పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. దుమ్మన్నాడు. దుమ్మే అయి ఉంటుంది, అక్కడ దుమ్ముకు కరువేముంది.

ఎట్టకేలకు బండి దగ్గింది, తుమ్మింది, అందుకుంది. ఇక ఆపొద్దని ఒట్టు పెట్టుకున్నాం. నాయకుడికి మళ్ళీ ఫోను చేసే ఓపిక, ఇంకో బండ ఎక్కే ఓపిక నాకు లేవు. గుట్ట కింద టమాటా చేను పక్కన బోరు పోస్తోంది. అతని బండి ఆపకుండానే పక్కన నిలబెట్టి, ఇద్దరం దాని కింద తలలు పెట్టాం. మొహాలు, మెడలు, జుట్టు కడుక్కున్నాం. ఎర్రనీళ్ళు కాలువలో పారుతుంటే సగం మొయినాబాద్‌ను తిరిగి ఇచ్చేసినట్టనిపించింది. వాళ్ళు పంపిన మనిషి అప్పుడు ఎదురయ్యాడు. మేము వెళ్ళిపోతున్నామనీ, మా బిర్యానీ కూడా తోకకే పెట్టమనీ చెప్పి పంపించేశాం.

"ఈసారి నువ్వు ముందు. నేను వెనక" అన్నాను.

"దుమ్మంతా నీకే."

"తెలుసు. పద."

తారురోడ్డు వచ్చేదాకా ఒక గంటసేపు అతని వీపునే చూస్తూ, అతని చక్రం లేపిన దుమ్మునే తింటూ వచ్చాను. అతను నెమ్మదిగా పోతే నేనూ నెమ్మదే. అతను ఎగిరి పడితే నా గుండె ఎగిరి పడింది. పొద్దున ఊగిన వీపే. ఇప్పుడు మాత్రం దాని బరువు తెలుస్తోంది. మొయినాబాద్ దాటాక మమ్మల్ని ఒక షేర్ ఆటో దాటిపోయింది. పొద్దుటివాళ్ళే అనుకుంటాను, కూలి ముగించుకుని వెళ్తున్నారు. ఒకామె వెనక్కి తిరిగి చూసి, పక్కామె భుజం మీద తల వాల్చింది. మాకన్నా అలిసిపోయి ఉన్నారు.

వాళ్ళ గేటు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ అక్కడే ఉంది. ముందు మొగుణ్ణి ఎగాదిగా చూసింది. బోరు కింద కడుక్కున్న మొహం కాస్త కందినా శుభ్రంగా ఉంది. తర్వాత నన్ను చూసింది. నాకు నేను కనిపించను గానీ, కనుబొమ్మల మీద మట్టి నాకే కనిపిస్తోంది. మీసం ఇటుకరంగు. నోరు తెరిస్తే తప్ప అది నోరని తెలియదు.

 నేను సమాధానాలు తయారు చేసుకుంటున్నాను. మొదట గుట్ట గురించి చెప్పాలా, కిక్ గురించి చెప్పాలా అని. మావాడు నావైపు చూడకుండా హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు, ఇంజన్ ఇంకా ఆపలేదు.

"దారంతా ఈయన వెనకాలే వచ్చినట్టున్నారు" అంది.

"వచ్చేటప్పుడు, అవునమ్మా" అన్నాను.

'వచ్చేటప్పుడు' అన్నది ఆవిడ విన్నది. మొగుడి వైపు తిరిగింది. అతను ఇంజన్ ఆపాడు.

"మధ్యలో కాసేపు విడిపోయాం. బండి స్టార్ట్ కాలేదు. నేను కిక్ కొట్టలేదు. భయమేసింది. వీడు వచ్చి కొట్టాడు" అన్నాడు, అంతా ఒకే ఊపిరిలో.

ఆవిడ అతని చేతిలోంచి తాళాలు తీసుకుంది.  "పైకి రండి అన్నయ్యగారూ, అన్నం తిన్నారా?" అంది.

తినలేదు. కానీ వాళ్ళది మూడో అంతస్తు, లిఫ్ట్ పనిచేయడం లేదు. నా తుంటి ఆ మెట్ల వైపు ఒక్కసారి చూసి, వద్దంది. గేటు పక్కన వాచ్‌మన్ స్టూలు మీద కూలబడ్డాను. ఆవిడ అన్నం, పప్పు, మజ్జిగ కిందికే పంపించింది. పళ్ళెం తెచ్చింది మావాడే, మెట్టు మెట్టుకూ ఆగుతూ. తెచ్చి, నేను తినేదాకా పక్కనే గోడకు ఆనుకుని నిలబడ్డాడు, ఎక్కడికీ కదలకుండా.